ఒడ్డు దాటేవారి చేతి కాగితం

పంచాంగం చించినంత మాత్రాన నక్షత్రాలు రాలిపోవని మన పెద్దల సామెత. ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసే మన ఇండ్లలో ఈ మాట తెలియనివారుండరు. ఆకాశం విషయంలో అది నిజమే. కాని పరదేశపు విమానాశ్రయంలో ఈ సామెత చెల్లదని నేను మూడేండ్ల క్రిందట తెలుసుకొన్నాను. అక్కడ కాగితం కనిపించకపోతే ఎదుట నిలబడిన మనిషి కూడ అధికారి కంటికి కనిపించడు.

నేను పావగడ తాలూకావాడను. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాడను. చరిత్ర పండితుడను కాను. టిక్కెట్లు ఇచ్చే కిటికీ వెనుక కూర్చొని, మనుషులు కాగితాన్ని ఎట్లా పట్టుకొంటారో, ఎక్కడ దాచుకొంటారో, ఎట్లా పోగొట్టుకొంటారో చూచిన అనుభవం మాత్రం ఉన్నది. మన సంఘంలో దాదాపు ప్రతి ఇంటినుండి ఎవరో ఒకరు సముద్రం దాటి వెళ్ళినవారే గనుక, ఆ అనుభవంతో పాటు, మన తెలుగువారు లోగడ ఏ కాగితం పట్టుకొని ఒడ్డు దాటారో నేను చదివి తెలుసుకొన్న సంగతులను కూడ ఈ ఉగాది సంచికలో మనవి చేస్తున్నాను.

ముందు మా చిన్నమ్మ కథ చెప్పాలి. మా తాలూకా కర్ణాటకంలో తుమకూరు జిల్లాకు చెందినదైనా, మూడు వైపుల ఆంధ్రదేశమే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కచ్చేరిలో కాగితం మీద ఉండేది కన్నడం. వేరుసెనగ పండితే పండినట్లు, లేకుంటే లేనట్లు. వానలు తప్పే సీమ గనుక పొట్ట చేత పట్టుకొని బయటికి వెళ్ళడం మాకు కొత్త గాదు. మా చిన్నమ్మ ఆ తాలూకాలోని ఒక పల్లెలోనే అరవై ఏండ్లు గడిపింది. ఆమె కూతురు పరదేశంలో ఉన్నది. కాన్పుకు తల్లి రావాలని కబురు వచ్చింది. పాస్‌పోర్టు, వీసా అన్నీ అయినవి.

ప్రయాణానికి ముందురోజు చిన్నమ్మ ట్రంకు పెట్టె తెరిచి, పొలం పహణీ, రేషను కార్డు, సోలారు పార్కుకు భూమి గుత్తకిచ్చిన ఒప్పందం, కూతురి పెండ్లి పత్రిక అన్నీ ఒక గుడ్డసంచిలో కట్టింది. నేను నవ్వాను. "ఇవన్నీ ఎందుకు చిన్నమ్మా? టిక్కెట్టు, అక్కయ్య అడ్రసు, పిలుపు ఉత్తరం అన్నీ నీ ఫోనులో పెట్టినాను. పాస్‌పోర్టు చేతిలో ఉంటే చాలు. ఇప్పుడెవరూ కాగితాలు అడగరు" అన్నాను. రైల్వే గుమాస్తా మాట కదా, ఆమె నమ్మింది. సంచి తిరిగి పెట్టెలోకి వెళ్ళింది.

నడుమ ఒక దేశంలో విమానం మారేటప్పటికే ఆ ఫోను ఆరిపోయింది. దిగవలసిన ఊరిలో అధికారి పాస్‌పోర్టు చూచి, "ఎవరి ఇంటికి వెళ్తున్నావు? అడ్రసు ఏమిటి? తిరుగు టిక్కెట్టు ఏదీ?" అని అడిగాడు. ఆమెకు అర్థమైనది ఒక్క ముక్క లేదు. అర్థమైనా చూపించడానికి ఏమీ లేదు. ఆమెను ఒక ప్రక్క గదిలో కూర్చోబెట్టారు. బయట నెలలు నిండిన కూతురు, లోపల తల్లి. మూడు గంటల తర్వాత అక్కడ పనిచేసే ఒక తెలుగు అమ్మాయి కంటబడి, ఫోనుకు ప్రాణం పోయించి, ఆమెను బయటకు తెచ్చింది. తర్వాత చిన్నమ్మ నాతో మాట్లాడినప్పుడు నన్ను తిట్టలేదు. "ఆ ఫోను ఆరిపోతానే నేనెవరో చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేకుండా పోయె గదప్పా" అన్నది, అంతే. ఆ మాట నన్ను ఇప్పటికిని వదలలేదు. తాను ఎవరో చెప్పుకోవడానికి మనిషికి కాగితం కావలసివచ్చింది ఎప్పటినుండి? ఆ కాగితం ఎవరి చేతిలో ఉండేది? నేను చదవడం మొదలుపెట్టినది ఈ ప్రశ్నలతోనే.

చిన్నమ్మకంటె నూరేండ్లకు పైగా ముందే మనవారు వేల సంఖ్యలో సముద్రం దాటారు. వారిలో చాలమంది చదువురానివారే. బ్రిటిషు రాజ్యంలో బానిసత్వం రద్దయిన తర్వాత చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1834 నుండి మన దేశస్థులను ఒప్పందం మీద మారిషస్సుకు తీసికొని పోయారు. 1920 వరకు దాదాపు అయిదు లక్షలమంది ఆ దీవిలో దిగారు. వారు దిగిన పోర్టు లూయీ రేవులోని కట్టడాన్ని ఇప్పుడు ఆప్రవాసి ఘాట్ అంటారు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరునుబట్టి మారిషస్సులోను, బర్మాలోను మన తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచేవారు.

ఆ కూలీలకు ఒక్కొక్కరికి ఒక అంకె. ఒప్పందం ముగిసి స్వేచ్ఛగా బ్రతుకుతున్న పాత కూలీలకు కూడ మారిషస్సు ప్రభుత్వం 1867 నాటి చట్టంతో ఒక చీటీ తప్పనిసరి చేసింది. దానిమీద ఫోటో కూడ ఉండేది. ఇంటినుండి బయటికి వస్తే ఆ చీటీ దగ్గర ఉండాలి. పోలీసువాడు అడిగినప్పుడు చూపలేకపోతే ఖైదు. పోగొట్టుకొంటే డబ్బు కట్టి మారు చీటీ తెచ్చుకోవాలి. ఈ బాధలు పడలేక వేలాదిమంది 1871లో ఒక మహజరు సమర్పించుకొన్నారు. దానిని వారి పక్షాన వ్రాసి నడిపినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటల దొర. ఆ మహజరు ఫలితంగా ఇంగ్లండునుండి రాజ విచారణ సంఘం వచ్చి 1872లో విచారణ జరిపింది. అంటే ఫోటో అంటించిన గుర్తింపు కాగితం మనవారికి నూట యాభై ఏండ్లకు పైబడిన పరిచయం. అది మనవారి సుఖం కోసం పుట్టినది గాదు. మనిషి తోట విడిచి పారిపోకుండా పట్టి ఉంచడానికి పుట్టినది.

దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి ఓడ మద్రాసునుండే వెళ్ళింది. దాని పేరు ట్రూరో. 1860 నవంబరు 16వ తేదీన 342 మంది ప్రయాణికులతో డర్బను రేవు చేరింది. అప్పటినుండి 1911 వరకు సుమారు ఒక లక్షా యాభైరెండు వేలమంది అక్కడ దిగారు. మద్రాసు ఓడలలో తెలుగువారు పెక్కుమంది. ఫిజీ దీవులకు 1879లో కలకత్తానుండి ప్రయాణాలు మొదలై, 1903 నుండి మద్రాసు రేవునుండి కూడ సాగాయి. ఈ ఓడలు ఎక్కేవారికి డిపోలో ఎమిగ్రేషన్ పాసు వ్రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చ లేక గాయపు మచ్చ, ఇన్ని వివరాలు అందులో ఉండేవి.

ఆ పాసు వ్రాసినవాడు నావంటి గుమాస్తాయే. ఎదుటివాడు చెప్పిన పేరు తన చెవికి ఎట్లా వినబడితే అట్లా ఇంగ్లీషులో వ్రాశాడు. నాయుడు అనే మాట ఫిజీలో ఒక రకంగా, దక్షిణాఫ్రికాలో మరొక రకంగా స్థిరపడిపోవడానికి ఆ కలమే కారణం. మారిషస్సులో తాతగారి పేరు అప్పడు అయితే, ఆ తర్వాతి తరాలన్నిటికి అదే ఇంటిపేరు అయి కూర్చొన్నది. మనిషి సముద్రం దాటాడు గాని, అసలు ఇంటిపేరు ఈ ఒడ్డుననే ఆగిపోయింది.

అయినా, ఆ పాసులే లేకపోతే ఈనాడు ఆ మనుమలకు, మునిమనుమలకు తమ ఊరు తెలిసే దారి లేదు. ఫిజీ, నేటాలు, మారిషస్సు దస్తావేజుల భాండాగారాలలో ఆ కాగితాలు, జాబితాలు భద్రంగా ఉన్నవి. నాలుగవ తరంవారు, అయిదవ తరంవారు వాటి నకళ్ళు తీసికొని విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పల్లెలు వెదుక్కొంటూ వస్తున్నారు. ఒకనాడు సంకెలగా పనిచేసిన కాగితమే నేడు త్రోవ చూపించే కాగితమైనది. నేను చదివిన వాటిలో నాకు అన్నిటికంటె గట్టిగా నాటిన సంగతి ఇది. మంచికి గాని చెడుకు గాని, వ్రాసిపెట్టిన కాగితం మనిషికంటె ఎక్కువకాలం బ్రతుకుతుంది.

కాగితాన్ని కాల్చిన రోజు కూడ మన చరిత్రలో ఉన్నది. ట్రాన్స్‌వాలులో ఆసియావారందరు వేలిముద్రలు వేసి పేరు నమోదు చేయించుకొని, ఆ సర్టిఫికెట్టు ఎల్లప్పుడు దగ్గర ఉంచుకోవాలని 1906, 1907 సంవత్సరాలలో శాసనాలు వచ్చాయి. గాంధీజీ నాయకత్వాన 1908 ఆగస్టు 16వ తేదీన జోహాన్నెస్‌బర్గులోని హమీదియా మసీదు ఆవరణలో రెండువేలకు పైగా సర్టిఫికెట్లను ఒక పెద్ద ఇనుప బానలో వేసి తగులబెట్టారు. ఆ బాన చుట్టూ ఉన్నవారికి కాగితమంటే పగ లేదు. దొంగలకు వేసినట్లు తమకు గుర్తులు వేయడం మీద పగ. కాగితం మనిషిని కాపాడడానికా, కట్టివేయడానికా అన్నది ఆనాటి తగవు.

బర్మా కథ మరొక విధమైనది. విశాఖపట్నం, కాకినాడ రేవులనుండి రంగూనుకు వెళ్ళిన మన కూలీలకు చాలకాలం పాస్‌పోర్టు అవసరం లేకపోయింది. బర్మా అప్పుడు మన దేశంలోని ఒక రాష్ట్రమే. రైలు టిక్కెట్టు కొన్నట్లు ఓడ టిక్కెట్టు కొని వెళ్ళేవారు. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా వేరు పడింది. ఒక్క రాత్రిలో సొంత దేశంవంటిది పరదేశమైనది. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డవి. 1942లో సుమారు అయిదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. వారిలో చాలమంది అడవుల వెంట, కొండల వెంట నడిచి వచ్చినవారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. 1948 జనవరిలో బర్మా స్వతంత్రమైనప్పుడు అక్కడ మిగిలిన మనవారికి పౌరసత్వపు ప్రశ్న వచ్చింది. దరఖాస్తు పెట్టుకొననివారు, పెట్టుకొన్నా పొందనివారు విదేశీయులుగా నమోదయ్యారు. 1964లో అంగళ్ళు, వ్యాపారాలు జాతీయం కాగా వారు ఓడలెక్కి మద్రాసు, విశాఖపట్నం రేవులకు తిరిగి వచ్చారు. ఎన్నో ఏండ్లు ఒకచోట బ్రతికినా, బ్రతికినట్లు తగిన కాగితం లేకపోతే ఆ ఏండ్లు లెక్కకు రాలేదు. కాగితం అక్కరలేని కాలంలో వెళ్ళినవారిని కాగితం అడిగే కాలం వచ్చి పట్టుకొన్నది.

ఇక పాస్‌పోర్టు విషయం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో చాల దేశాల మధ్య పాస్‌పోర్టు లేకుండానే జనం తిరిగేవారు. యుద్ధంలో గూఢచారుల భయంతో వచ్చిన నిబంధన, యుద్ధం ముగిసినా పోలేదు. మన దేశంలో యుద్ధకాలపు నియమాలుగా వచ్చి, 1920లో చట్టమైనది. నూట అయిదేండ్లు బ్రతికిన ఆ చట్టం 2025లో, కొత్త ఇమ్మిగ్రేషన్ మరియు విదేశీయుల చట్టం సెప్టెంబరు 1న అమలుకు రావడంతో రద్దయినది. ఆ 1920లోనే పారిసులో నానాజాతి సమితి ఆధ్వర్యాన దేశాల ప్రతినిధులు కూడి, పాస్‌పోర్టు అంటే 32 పుటల చిన్న పుస్తకంగా ఉండాలని ఒక నమూనా నిర్ణయించారు. అంతకు ముందు అది దేశానికొక తీరు మడత కాగితం.

అయితే పాస్‌పోర్టు పొందడం ప్రజల హక్కా, ప్రభుత్వం దయతలచి ఇచ్చేదా? స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడ ఇరవై ఏండ్లు ఈ సంగతి తేలలేదు. ఇష్టమైతే ఇస్తాము, లేకుంటే వాపసు తీసికొంటాము అనేదే ప్రభుత్వ వాదన. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి పాస్‌పోర్టు తిరిగి ఇమ్మని అడిగితే ఆయన సుప్రీం కోర్టుకు వెళ్ళాడు. 1967 ఏప్రిలు 10వ తేదీన తీర్పు వచ్చింది. విదేశానికి ప్రయాణం చేయడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన వ్యక్తిస్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దానిని తీసివేయరాదని అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు అన్నారు. ఆ ముగ్గురి తరపున తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి మన రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. మరునాడే ఆయన పదవి వదలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఆ తీర్పు మూలాన పార్లమెంటు పాస్‌పోర్టు చట్టం చేయవలసివచ్చింది. అది 1967 జూను 24వ తేదీన చట్టమైనది. మన పిల్లల సూట్‌కేసుల్లో ఉన్న ఆ నీలపు పుస్తకం వెనుక ఒక తెలుగు న్యాయమూర్తి చేవ్రాలు ఉన్నదని మన ఇండ్లలో చెప్పుకోవలసిన మాట.

ఇప్పుడు టిక్కెట్టు దగ్గరకు వస్తాను, ఇది నా వృత్తికి దగ్గరి విషయం. రైలుకు అంకె వేసిన అట్ట టిక్కెట్టు కనిపెట్టినవాడు 1830లలో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లీషు స్టేషను మాస్టరు. అంతకు ముందు ఒక్కొక్క ప్రయాణికుడికి చేత్తో చీటీ వ్రాసేవారు. విమానానికి వచ్చేటప్పటికి టిక్కెట్టు దారి ఖర్చుకు రసీదు మాత్రమే కాలేదు, హక్కు పత్రమైనది. 1929లో వార్సాలో దేశాలు చేసికొన్న ఒప్పందం ప్రకారం, ప్రమాదం జరిగితే కంపెనీ ఇచ్చుకోవలసిన పరిహారానికి ఒక హద్దు ఉన్నది. కాని ప్రయాణికుడికి టిక్కెట్టు ఇవ్వకుండా ఎక్కించుకొంటే ఆ హద్దు కంపెనీకి వర్తించదు. అంటే టిక్కెట్టు ఇచ్చి తీరడం కంపెనీకే అవసరమైనది. మన దేశంలో ఇది 1934లో చట్టరూపం పొందింది.

ఆ రోజులలో విమానం మా సీమ మీదుగా కూడ ఎగిరింది. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా విమానం నడిపితే, అక్కడినుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసికొని వెళ్ళాడు. బళ్ళారి మా పావగడకు ఇరుగుపొరుగు వంటిదే. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948 జూను 8వ తేదీన, ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి "మలబార్ ప్రిన్సెస్" బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండను బయలుదేరింది. అప్పటినుండి అరవై ఏండ్లు విమాన టిక్కెట్టు అంటే పలచని కాగితాలు కుట్టిన చిన్న పుస్తకం. ఒక్కొక్క మజిలీకి ఒక్కొక్క పుట చించేవారు. 2008 జూను 1వ తేదీనుండి ప్రపంచ విమాన కంపెనీల సంఘం ఆ కాగితపు టిక్కెట్లను ఆపివేసింది. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రయాణ వివరాలు కాగితం మీదనే కాక మరొక రూపంలో ఉంచడానికి అంగీకరించింది. మన దేశం అందులో 2009లో చేరింది.

అప్పటినుండి ఒక్కొక్క కాగితం రాలిపోతూ వచ్చింది. అమెరికాలో దిగేవారి పాస్‌పోర్టులో కుట్టే ఐ-94 చీటీ 2013లో విమాన ప్రయాణికులకు కంప్యూటరులోకి మారింది. మన దేశంలో భారతీయులు విమానం ఎక్కేటప్పుడు నింపే కార్డు 2017 జులై 1 నుండి తీసివేశారు. బ్రిటనువారు తమ దేశంలో నివసించే విదేశీయుల కార్డులను 2024 చివరికి ముగించి, వాటికి బదులు ఈ-వీసా పెట్టారు. మా రైల్వేలోనే 2005లో ఎలక్ట్రానిక్ టిక్కెట్టు వచ్చి, 2012 నాటికి ఫోనులోని సందేశం చూపిస్తే చాలుననే దాకా వచ్చింది. నేను చిన్నమ్మతో అన్న మాటకు మూలం ఈ అలవాటే.

నా పొరపాటు ఎక్కడ ఉన్నదో ఇప్పుడు తెలుస్తున్నది. రైలు ఒక్క సంస్థది. ప్రయాణికుడి ఫోను ఆరిపోయినా చార్టులో పేరు ఉంటుంది, గుర్తింపు కార్డు చూచి పని జరుపుకోవచ్చును. విదేశ ప్రయాణంలో అడిగేవారు ఒకరు గారు. విమాన కంపెనీ గుమాస్తా ఒకరు, మన ఇమ్మిగ్రేషను అధికారి ఒకరు, నడుమ దేశంలో ఒకరు, దిగే దేశంలో మరొకరు. ఒకరి పుస్తకం మరొకరి బల్లమీద ఉండదు. తగిన పత్రాలు లేనివారిని తెచ్చిన కంపెనీకి జరిమానా వేసే చట్టాలు పెక్కు దేశాలలో ఉన్నవి. మన దేశంలో అది 2000లో వచ్చింది. అందుచేత కౌంటరులోని గుమాస్తా సందేహం వస్తే ఎక్కించకపోవడమే తనకు క్షేమమనుకొంటాడు. ఈ నలుగురికి నడుమ మన మాట చెప్పగలిగినది మన చేతిలోనిదే.

కంప్యూటర్లు పడిపోయిన రోజు కూడ వచ్చింది. 2024 జులై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక తప్పు సవరణ వల్ల ప్రపంచమంతట సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి. వేలాది విమానాలు నిలిచిపోయాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో గుమాస్తాలు కలం పట్టి బోర్డింగ్ పాసులు చేత్తో వ్రాసి ఇచ్చారు. ఎడ్మండ్‌సన్ అట్ట టిక్కెట్టుకు ముందటి కాలం ఒక పూటకు తిరిగి వచ్చింది. అంతకు ముందు కరోనా రోజులలో పరీక్ష ఫలితం, టీకా సర్టిఫికెట్టు పట్టుకొని జనం వరుసలలో నిలబడిన సంగతి మనమందరం ఎరిగినదే. టీకా సర్టిఫికెట్టులో పాస్‌పోర్టు నంబరు కూడ చేర్చుకొనే ఏర్పాటు 2021 జూనులో వచ్చింది.

కాబట్టి మన సంఘంలోని కుటుంబాలవారికి నేను మనవి చేసేది ఇది. ఫోనులో అన్నీ ఉంచండి, దానితోపాటు ఒక జత కాగితం మీద అచ్చువేయించి చేతి సంచిలో పెట్టండి. పెద్ద పెట్టెలో పెడితే అది విమానం కడుపులోకి పోతుంది, అడిగినప్పుడు చేతికి రాదు. పాస్‌పోర్టు అసలుది తప్పనిసరి, నకలు దానికి బదులు గాదు. కాని అసలు పోయిన రోజున నకలే దిక్కు. పరదేశంలో పాస్‌పోర్టు పోతే మన రాయబార కార్యాలయం ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు ఇస్తుంది. పాత పాస్‌పోర్టు నకలు చేతిలో ఉన్నవాడు ఎవరో తేల్చడం సులభం. 2018లోను, 2024లోను అరబ్బు ఎమిరేట్లవారు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, పాస్‌పోర్టు చేతలేని మన కూలీలు ఎందరో ఈ సర్టిఫికెట్టుతోనే ఇల్లు చేరారు. గల్ఫుకు పోయేవారు తమ పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగపు ఒప్పందం నకళ్ళు ఒక జత ఇంటిదగ్గర భార్య చేతికో తల్లి చేతికో ఇచ్చి వెళ్ళడం మేలు.

చెల్లుబడిలో ఉన్న వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే పాతదీ కొత్తదీ రెండూ తీసికొని వెళ్ళాలి. ఈ-వీసా అయితే దాని మంజూరు కాగితం అచ్చువేయాలి. పోను రాను టిక్కెట్లు, దిగే ఇంటి అడ్రసు, అక్కడివారి ఫోను నంబరు పెద్ద అక్షరాలలో ఇంగ్లీషులో వ్రాయించాలి. అమెరికాలో చదివే పిల్లలు కాలేజీవారి సంతకమున్న ఐ-20ని, అక్కడ ఉద్యోగం చేసేవారు మంజూరు పత్రాన్ని దగ్గర ఉంచుకోవాలి. తల్లిదండ్రులలో ఒకరే బిడ్డను తీసికొని వెళ్తుంటే రెండవవారి సమ్మతి పత్రం ఉంచుకోవడం మంచిది. మందులు వాడేవారు వైద్యుని చీటీ మరువరాదు. పచ్చజ్వరం టీకా అడిగే దేశాలకు వెళ్ళేవారి వద్ద ఆ పసుపు కార్డు అసలుదే ఉండాలి.

పేరు విషయంలో మా సీమవారికి ప్రత్యేకంగా ఒక మాట. మాలో కొందరికి ఇంటిపేరు కాగితం మీద ఎక్కదు. ఒక్క పేరు, దాని ప్రక్కన తండ్రిదో ఊరిదో ఒక పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇచ్చిన పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద "ఎఫ్.ఎన్.యూ." అని, అంటే మొదటి పేరు తెలియదని వేస్తారు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవారికి సందర్శన వీసాతో ప్రవేశం లేదని 2022 నవంబరులో అరబ్బు ఎమిరేట్లవారు చెప్పారు. నూట అరవై ఏండ్ల క్రిందట డిపో గుమాస్తా కలం చేసిన పని ఇప్పుడు దరఖాస్తులోని గడి చేస్తున్నది. ఆనాటివారికి చదువు లేదు, వ్రాసిన దానిని దిద్దించుకోలేకపోయారు. మనకు అక్షరం వచ్చును. దరఖాస్తు ఇచ్చేనాడే రెండు గడులూ నింపి, టిక్కెట్టు మీది పేరు పాస్‌పోర్టుతో అక్షరం తప్పకుండా సరిచూచుకోవాలి.

మా చిన్నమ్మ మనుమరాలికి ఇప్పుడు మూడో ఏడు. మళ్ళీ ఈ వేసవిలో ఆమె వెళ్ళబోతున్నది. ఈసారి సంచి నేనే సర్దాను. పాస్‌పోర్టు నకలు, వీసా, రెండు టిక్కెట్లు, అల్లుడు పంపిన ఉత్తరం వరుసగా పెట్టి, పైన ఒక కాగితం మీద ఇంగ్లీషులో "ఈమె తెలుగు మాత్రమే మాట్లాడుతుంది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వ్రాశాను. దాని క్రింద అదే మాట తెలుగులో కూడ వ్రాశాను. ఏ తెలుగువారి కంటనైనా పడవచ్చును గదా. చిన్నమ్మ అన్నీ చూచి, పెండ్లి పత్రిక కూడ లోపల పెట్టుమన్నది. ఈసారి నవ్వలేదు, పెట్టాను.

ట్రూరో ఓడ దిగినవారి కాగితం దొర చేతిలో ఉండేది, మన కాగితం మన చేతిలో ఉన్నది. ఆ భాగ్యాన్ని ఒక బ్యాటరీకి అప్పగించి ఖాళీ చేతులతో ప్రయాణం కావద్దని మనవి. ఈ ఉగాది మన ఇండ్లనుండి బయలుదేరే ప్రతివారికి క్షేమంగా పోయి లాభంగా వచ్చే సంవత్సరమగుగాక.